మట్టిరంగు తీగ

కీట్‌మన్స్‌హూప్ పొలిమేరలో
రేకుల షెడ్డు. పొద్దున తొమ్మిదికే
పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.
లోపల డెబ్బై నాలుగు నాటి ల్యాండ్‌రోవర్,
బానెట్ లేదు, ఇంజను లేదు,
పళ్లు కట్టించుకోడానికి నోరు తెరుచుక్కూర్చున్న
ముసలాయనలా.

పక్కనే, దుంగల మీద, బెంజి.
మారియెంటల్ రోడ్డులో రాత్రిపూట
కూడూ దుప్పిని గుద్దిన పాస్టరు గారి కారు అది.
పాస్టరు బతికాడు, దుప్పి బతకలేదు,
కారు సగం బతికింది.
ఆ సగాన్ని గొలుసు కట్టి పైకెత్తి
ఆల్వినా స్వార్ట్‌బూయ్
ఆరు రోజులు ఇనుముతో మాట్లాడింది.
ఎడాప్టర్ పలక కోసింది, సంపు కోసి మళ్లీ అతికింది,
ఇంజను కూర్చుంది.
"ఇనుముతో పేచీ లేదు," అంది,
"పట్టకపోతే పట్టనని మొహం మీదే చెప్తుంది.
తీగలే, నవ్వుతూ ఒప్పుకుని
రాత్రికి కొంప కాలుస్తాయి."

ఆ మాట నేను సరిగా వినలేదు.
బెంజి వైపు మట్టిరంగు తీగ ఒకటి,
రోవర్ వైపు మట్టిరంగు తీగ ఒకటి,
మేనత్త బిడ్డా మేనమామ బిడ్డా
పెట్టి పుట్టినట్టున్నాయి.
ఆవిడ టీకి వెళ్లినప్పుడు
రెండింటికీ ముడేసి
బ్యాటరీ బిగించాను.

పొగ ముందొచ్చింది, భయం తర్వాత.
ప్లాస్టిక్ కాలిన కమురు వాసన
ఇప్పటికీ నా గోళ్లలో ఉంది.

తిట్టలేదు. టెర్మినల్ పీకేసి
కప్పు దించి నిదానంగా చెప్పింది:
"జర్మన్ కారులో మట్టిరంగంటే మట్టే,
ఎర్తు. పట్టుకున్నా ఏం కాదు.
ఇంగ్లిషు బండిలో మట్టిరంగంటే
తాళం తీసేసినా నిద్రపోని నిప్పు.
వచ్చినవాళ్లంతా మా నేలకి పేర్లు పెట్టారు,
ఒక్క రంగుకి మాత్రం
ఒక్క పేరు పెట్టుకోలేకపోయారు."

ఇక పటం మడిచి పెట్టేసింది.
ఊపా ఖ్రిస్టోఫెల్‌కి రంగులు తెలీవు,
ఎరుపూ పచ్చా ఆయన కంటికి ఒకటే.
నలభై ఏళ్లుగా తెగినచోటల్లా
చేతికందిన తీగ వేసుకున్నాడు:
రేడియో తీగ, కాలింగ్ బెల్లు తీగ,
ఒకచోట కరకుల్ గొర్రెల కంచె తీగ
సైకిల్ ట్యూబు తొడుక్కుని.
ఆ బండిని ఏ పుస్తకమూ గియ్యలేదు.

బఠాణీ అంత బల్బు, దానికో మొసలి క్లిప్పు.
ఒక్కో తీగనీ అడిగింది:
నువ్వెవరు, తాళం తిప్పాక ఎవరు,
హెడ్‌లైటు వేస్తే ఎవరు?
వెలిగించినవాటికి ఒక చీటీ,
వెలిగించనివాటికి ఒక చీటీ,
వెలిగించీ వెలిగించనట్టున్న వాటి దగ్గర
తుప్పు గోకమని నన్ను కూర్చోబెట్టింది.
రెండు రోజులు.

డాష్‌బోర్డులో ఎర్ర దీపం ఒకటి మిగిలింది.
"అది పీకెయ్, వెలిగితే నాకు చిరాకు," అన్నాడు ఊపా.
ఆల్వినా ఒప్పుకోలేదు.
ఆ బుల్లి దీపంలోంచి పోయే కాస్త కరెంటే
ఆల్టర్నేటర్‌ని తట్టి లేపాలి.
అది లేచిందంటే దీపం ఆరుతుంది.

గ్లో ప్లగ్గులు వేడెక్కేదాకా
ఊపా తమ నామా భాషలో లెక్కపెట్టాడు,
అంకె అంకెకీ నాలుక అంగిట్లో టక్కుమంటూ.
తాళం తిప్పాడు.
ఐదు సిలిండర్లూ దగ్గి, తిట్టి,
సర్దుకున్నాయి. ఎర్ర దీపం ఆరింది.

"ఆపి చూడు," అంది.
ఆపాడు. తాళం పీకి జేబులో వేసుకున్నాడు.
ఇంజను ఆగలేదు.
వాక్యూమ్ గొట్టం తగిలించడం
ఇద్దరం మరిచిపోయాం.
ఈ డీజిలు కరెంటు మాట వినదు,
గొట్టంలోంచి గాలి లాగితేనే ఆగుతుంది.

స్టాప్ మీట నొక్కడానికి వంగాను.
ఊపా నా మోచెయ్యి పట్టుకున్నాడు,
రెండో చెయ్యి వణికే మడ్‌గార్డు మీద వేసి.
"ఉండనీరా," అన్నాడు, "ఇంకాసేపు."